దగ్గే మేకకు కషాయం

మా తోడికోడలు రత్నకుమారి చెయ్యి మంచిదని చుట్టుపక్కల నాలుగూళ్ళలో పేరు. వంటకో కుట్టుపనికో కాదు, పశువులకు మందు పోయడానికి. కొస ఏటవాలుగా కోసిన వెదురు గొట్టం ఒకటి ఆమె చూరులో ఎప్పుడూ ఉండేది. పొట్ట ఉబ్బిన గేదె, మేత మానేసిన దూడ, దగ్గుతున్న మేక, దేనికైనా ఆ గొట్టంతో మందు గుటకలు వేయించేది. మూతి పట్టుకుని తల పైకెత్తే పని నాది. పదిహేనేళ్ళు ఎత్తాను. అంగన్‌వాడీ టీచర్నే అయినా, ఆవిడ పిలిస్తే చాక్‌పీసు పక్కన పడేసి వెళ్ళేదాన్ని. వరసకు అక్క. ఆమె మాటకు ఎదురు చెప్పడం నా వల్ల ఎప్పుడూ కాలేదు.

చల్లపల్లి నుంచి అవనిగడ్డ వెళ్ళే బస్సు దిగి, కాలువగట్టు వెంట మైలు నడిస్తే మా పేట. మా బావగారు దయానందం రైసుమిల్లులో బస్తాలు మోసేవారు. తొంభై రెండులో పచ్చకామెర్లతో పోయారు. పిల్లల్లేరు. అక్క నాట్లకూ కలుపుకూ వెళ్తూ రెండు మేకల్ని పెంచుకునేది. మందు పోసినందుకు ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేది కాదు. "నోరులేని జీవాలు, వాటికి చేస్తే దేవుడికి చేసినట్టే" అనేది. దాంతో ఊరందరికీ లోకువైపోయింది. అన్నం ముందు కూర్చున్నా పిలిచేవారు. నాకు ఒళ్ళు మండేది. ఆమె మాత్రం సంతోషంగా లేచి వెళ్ళేది. మొగుడూ పిల్లలూ లేని మనిషికి, తను లేకపోతే జరగదు అనిపించే పని అదొక్కటే మరి.

ఆ మేకల్లో బుజ్జి ఒకటి. అది పుట్టిన రోజే దాని తల్లి చచ్చిపోయింది. అక్క పాలసీసాతో పెంచింది. అక్క నాట్లకు వెళ్తే అది గట్టు మీద కాపలా ఉండేది. ఆదివారం చర్చి మెట్ల దగ్గర చెప్పుల మధ్య పడుకునేది. ఒకసారి పాస్టరు గారి చెప్పు పట్టీ నమిలేస్తే, ఆయన ఒంటికాలి చెప్పుతో ఇంటికి నడిచారు. మేం నవ్వాపుకోలేక చచ్చాం. అక్క మంచం పక్కన గోనెపట్టా మీద దాని పడక. ఆమెకు అది తప్ప ఎవరూ లేరని పేటలో అందరికీ తెలుసు.

2001 నవంబరులో వాయుగుండం పట్టి నాలుగు రోజులు వాన విడవలేదు. ఇల్లంతా చెమ్మ. ఐదో రోజు బుజ్జి అవిశాకు ముట్టలేదు. ముక్కు వెంట చిక్కటి చీమిడి, ఆగని దగ్గు. పడుకోలేక మెడ ముందుకు చాచి నిలబడి, డొక్కలెగరేస్తూ ఊపిరి తీస్తోంది. నెమరు లేదు. చెవులు పట్టుకుంటే కాలిపోతున్నాయి.

ఆ రోజే కొత్తగా వచ్చిన పశువుల డాక్టరు హారిక గారు టీకాలు వేయడానికి మా పేటకు వచ్చారు. గుడివాడ పిల్ల, ఇంకా పాతికేళ్ళుండవు. స్టెతస్కోపు పెట్టి రెండు డొక్కలూ విన్నారు. జ్వరం చూసి నూట ఐదు అన్నారు.

"నిమోనియా అండీ. ఐదు రోజులు వరసగా ఇంజెక్షన్ చెయ్యాలి, నేనే వస్తాను. పొడిగా, గాలి ఆడే చోట కట్టండి. నీళ్ళు ముందు పెడితే అదే తాగుతుంది. నోట్లో మాత్రం ఏమీ పోయొద్దు. దగ్గే మేకకు తల ఎత్తి పోస్తే పొట్టలోకి పోదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది."

"అట్టాగేనండీ," అని అక్క బుద్ధిగా తలూపింది. నేనూ ఊపాను. పదిహేనేళ్ళు పోసినవాళ్ళం. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల చెబుతుంటే మా ఇద్దరికీ లోపల నవ్వే వచ్చింది.

మూడో ఇంజెక్షన్‌కు జ్వరం దిగింది. బుజ్జి నాలుగు ఆకులు కొరికింది. దగ్గు మాత్రం ఎక్కువైంది. కఫం కదులుతోంది, మంచిదేనని డాక్టరమ్మ చెప్పి వెళ్ళారు. అక్క ఆ దగ్గు వింటూ ఉండలేకపోయింది.

"సూర్యం, చూడవే, కఫం అడ్డం పడి ఎట్టా కొట్టుకుంటందో. ఒక్క గొట్టం కషాయం పడితే తెగిపోద్ది."

"ఆవిడ వద్దందిగా అక్కా."

"ఆవిడ సూది ఆవిడ వేస్తంది. మన పని మనం చేద్దాం. ఊరందరి మేకలకూ పోసి, నా బిడ్డకు పోసుకోవద్దా?"

అక్క వాము, మిరియాలు, వెల్లుల్లి దంచి కాచి, నువ్వులనూనె కలిపింది. నేను దాని తల పైకెత్తాను. సగం పోశాక బుజ్జి దగ్గింది. పోసేటప్పుడు అన్నీ దగ్గుతాయి. అక్క మిగతాది కూడా పోసేసింది.

మర్నాడు మధ్యాహ్నానికి బుజ్జి చచ్చిపోయింది. నాలుగో ఇంజెక్షన్ పట్టుకుని వచ్చిన డాక్టరమ్మ నమ్మలేకపోయారు. నిన్న తేరుకున్నది ఇవాళ ఎందుకు పోయిందో చూడాలి, మిగతా మేకలకు అంటుకునే జబ్బేమో తెలియాలి అన్నారు. అక్క సరేనంది. కాలువగట్టు వెనక కోసి చూశారు. ఊపిరితిత్తి కింది భాగం చీల్చగానే వెల్లుల్లి వాసన వచ్చింది. కోసిన చోట నూనె తేలింది. అందులో నల్లగా మిరియాల పలుకులు.

డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "జబ్బు తగ్గుతోందండీ. పై భాగం చూడండి, అప్పుడే తేరుకుంటోంది," అని మాత్రం అన్నారు.

 అక్క అడిగింది.

"మరి ఇంతకుముందు నేను పోసినయ్యో?"

ఆ పిల్ల తలెత్తకుండా చేతులు కడుక్కుంటోంది. "దగ్గున్నవాటికి పోసుంటే, కొన్ని ఇలాగే పోయుంటాయండీ," అంది.

అన్నేళ్ళూ మేం అనుకున్నది వేరు. బతికినవి అక్క చేతి చలవ, చచ్చినవి దేవుడి చిత్తం. ఇప్పుడు ఆమె గుమ్మంలో కూర్చుని, చచ్చిన మేకల్ని ఒక్కొక్కటిగా గుర్తు చేసుకోవడం మొదలుపెట్టింది. నన్నూ అడిగేది, ఫలానావాళ్ళ నల్లమేకకు దగ్గుందా, కడుపునొప్పా అని. దగ్గు లేదని అబద్ధం చెప్పేదాన్ని. నమ్మేది కాదు.

తర్వాత ఇల్లిల్లూ తిరిగింది. మీ మేకను చంపింది నేనేనని చెప్పి, ఇక దగ్గే మేకలకు పోయొద్దని బతిమాలింది. అందరూ కూర్చోబెట్టి టీ ఇచ్చారు. కాలువ అవతల పెద్ద మేకల మంద ఉన్న నాంచారయ్య అయితే పగలబడి నవ్వాడు.

"ఊరుకో వదినా. బుజ్జి పోయిందని మతి పోయిందా ఏంటి? నీ చెయ్యి పడబట్టే నా మంద ఇంతైంది."

"కళ్ళారా చూశాను నాంచారయ్యా. దగ్గే మేకకు పోయమాక."

"అట్టాగేలే," అన్నాడు. డాక్టరమ్మతో మేం అన్న అట్టాగేకూ దానికీ తేడా లేదు.

ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళ అక్క లేచింది. జబ్బు తగ్గిందనో, పిల్లాడు పరీక్ష పాసయ్యాడనో దేవుడి మేళ్ళు చెప్పుకునే సమయం అది. అక్క ఒక్కో ఇంటి పేరూ, ఒక్కో మేక రంగూ చెప్పి, "ఈ చేతుల్తో చంపాను, తెలియక చంపాను" అంది. ఎవరు ఏ సాక్ష్యం ముగించినా అనేటట్టే అందరూ "స్తోత్రం" అన్నారు. పాస్టరు గారు పాట ఎత్తుకున్నారు. అక్క ఇంకా నిలబడే ఉంది. నేను చెంగు పట్టి లాగి కూర్చోబెట్టాను. నేను కూడా లేచి, తల ఎత్తింది నేనేనని చెప్పాల్సింది. నోరు రాలేదు. ఆ సంగతి తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మరుసటి ఏడాది వానల్లో నాంచారయ్య పాడిమేకకు దగ్గు పట్టింది. పొద్దున్నే వచ్చి రమ్మన్నాడు. అక్క ఉత్త చేతుల్తో వెళ్ళింది. మేకను తడిలోంచి తీసి పొడి చోట కట్టించింది, ఫోను చెయ్యమని నన్ను పరిగెత్తించింది. డాక్టరమ్మ బందరులో మీటింగులో ఉన్నారు, రేపు మొదటి బస్సుకు వస్తానన్నారు.

"రేపటిదాకా ఆగు నాంచారయ్యా. నీకు దణ్ణం పెడతాను, నోట్లో ఏమీ పోయమాక," అంటూ అక్క తనకంటే పదేళ్ళు చిన్నవాడి కాళ్ళు పట్టుకోబోయింది.

"రేపటిదాకా బతకాలి గదా వదినా. నువ్వు పోస్తావా, నన్ను పోయమంటావా?"

ఆమె పోయలేదు. అతను ఖాళీ బీరు సీసాలో కషాయం నింపి, తమ్ముడి చేత తల ఎత్తించి పోశాడు. మేక కొట్టుకుంది, దగ్గింది, ముక్కులోంచి కషాయం కారింది. అక్క అరిచింది. ఎవరూ ఆగలేదు.

సాయంత్రానికి మేక పోయింది. అక్క దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నాంచారయ్య ఎదురుగా గొంతుక్కూర్చుని కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. అతని మాటలో కోపం కూడా లేదు.

"నువ్వు పోసుంటే బతికేది వదినా. చేతిలో విద్య పెట్టుకుని చంపేశావు గదా."