ఒంటి చేత్తో తెరిచే తలుపు

ఉద్యోగ విరమణకు ఏడాది ముందు, కరోనా సద్దుమణిగాక వచ్చిన రెండో వేసవిలో, మా కంపెనీ నన్ను విజయవాడ శాఖ నుంచి గుడివాడకు మార్చింది. గుడివాడ, మచిలీపట్నం, దివిసీమ నా పరిధి. హోదా సీనియర్ సైట్ ఇంజనీరు. విదేశాల నుంచి ఖరీదైన బిల్ట్-ఇన్ ఫ్రిజ్‌లు, ఫ్రీజర్లు తెప్పించి అమ్మే సంస్థ మాది. వంటింటి అల్మరాల వరసలో కలిసిపోయేలా, తలుపు మీద చెక్క పలక బిగించి వీటిని అమరుస్తారు. అమ్మడం సేల్స్ వాళ్ల పని. ఇంటికి వెళ్లి, చోటు కొలిచి, కరెంటూ గాలి వెళ్లే దారీ చూసి, సర్వే పత్రం మీద సంతకం చెయ్యడం మా పని. ఆ సంతకం పడ్డాకే ఆర్డరు వెళ్తుంది. వెళ్లాక ఇక రద్దు ఉండదు.

మచిలీపట్నంలో, అదే మా వాడుకలో బందరులో, నాకు అప్పగించిన మొదటి సర్వే ఒక న్యాయవాది ఇంట్లో. ఆయన పేరు రామ్మోహనరావు గారు. ఆయన భార్య వసుంధర గారికి అంతకు ముందెప్పుడో పక్షవాతం వచ్చింది. మాట, నడక తిరిగొచ్చాయి గాని కుడి చేతికి పట్టు రాలేదు. అప్పటినుంచీ వంట మనిషి వచ్చి వండిపెడుతోంది. వసుంధర గారు మళ్లీ తన వంట తాను చేసుకోవాలన్న పట్టుదలతో ఉన్నారు. అందుకే రావు గారు వంటిల్లు మొత్తం విప్పించి కొత్తగా కట్టిస్తున్నారు.

ఆయన ఎంచుకున్నది మా జాబితాలో అన్నిటికంటే పెద్దది. ఒక పక్క నిలువెత్తు ఫ్రిజ్, రెండో పక్క నిలువెత్తు ఫ్రీజర్. తలుపులకు మందమైన టేకు పలకలు కావాలన్నారు. నేను కొలతలు తీసుకున్నాను. బందరు గాలిలో ఉప్పు ఉంటుంది. వేడిని బయటికి వదిలే కండెన్సరు గొట్టాలను ఆ ఉప్పు తొందరగా తినేస్తుంది. అందుకని గాలి కిటికీ వైపు నుంచి కాక లోపలి గోడ వైపు నుంచి వచ్చేలా అడుగున సందు వదలమని రాశాను. వేసవి వోల్టేజీకి స్టెబిలైజరు రాశాను. అంతా సరిపోయింది. సంతకానికి పెన్ను తీశాను.

అప్పటిదాకా గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని చూస్తున్న వసుంధర గారు అడిగారు. “ఇంజనీరు గారూ, దీన్ని ఒంటి చేత్తో తియ్యొచ్చా అండీ?”

“నేనుంటాను కదా, పిలిస్తే వస్తాను” అన్నారు రావు గారు.

“మీరు కోర్టులో ఉంటేనో?” అన్నారావిడ.

తలుపు మోయగల పలక బరువు, కీలు తిరిగే కోణం మా సాంకేతిక పత్రంలో ఉంటాయి. లాగడానికి ఎంత బలం కావాలో ఉండదు. పైగా ఫ్రిజ్ మూసిన వెంటనే లోపలికి వెళ్లిన వెచ్చటి గాలి చల్లబడి కుంచించుకుపోతుంది. కాసేపు తలుపు లోపలి నుంచి ఎవరో పట్టుకున్నట్టే ఉంటుంది. తలుపు ఎంత పెద్దదైతే ఆ పట్టు అంత ఎక్కువ. రెండు చేతులూ బాగున్నవాళ్లకు ఇది పట్టింపు కాదు. పెన్ను జేబులో పెట్టేసి, విజయవాడ షోరూములో ఆవిడ స్వయంగా తెరిచి చూశాకే సంతకం చేస్తానని చెప్పాను.

రావు గారికి నచ్చలేదు. ఈ దఫా ఆర్డరు తప్పితే మళ్లీ దసరా దాటాకే సరుకు వస్తుంది. అన్నాళ్లూ వంటిల్లు విప్పి ఉంచాలి. మా విజయవాడ శాఖ మేనేజరు శ్రీనివాస్ గారికి నేను ఫోను చేస్తే ఆయనా విసుక్కున్నారు. కస్టమరు అడిగింది ఇవ్వడం వరకే మన పని అన్నారు. “ఆవిడా కస్టమరే కదండీ” అన్నాను. అలా అయితే మర్నాడే ఆవిడను తీసుకురండి అన్నారాయన.

మేము వెళ్లేసరికి శ్రీనివాస్ గారు షోరూములోని ఆ పెద్ద ఫ్రిజ్ తలుపు అరల నిండా నీళ్ల సీసాలు సర్దించి ఉంచారు. ఖాళీ తలుపు తీసి చూస్తే లాభం లేదని ఆయనకే తోచింది. నేను అడగలేదు. ఆ పనికి ఆయనకు ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి.

వసుంధర గారు ఎడమ చేత్తో పిడి పట్టుకుని లాగారు. తలుపు వచ్చింది. మూసి, వెంటనే మళ్లీ లాగారు. రాలేదు. ఒళ్లంతా వెనక్కి వాల్చి లాగారు. రావు గారు ముందుకు రాబోతే, “మీరుండండి” అన్నారు. మూడోసారి కూడా రాలేదు. ఆవిడ పిడి వదిలేసి చెయ్యి చీరకు తుడుచుకున్నారు. రావు గారు మెల్లగా నాతో, “పెద్దది గొప్ప కోసం కాదండీ. అన్నీ తన చేతికి అందుబాటులో ఉండాలని అనుకున్నాను” అన్నారు.

ఈలోగా ఆవిడే పక్కకు వెళ్లారు. అక్కడ వంట గట్టు కింద అమర్చే సొరుగు ఫ్రీజరు ఉంది. లాగితే వచ్చింది. మూసి మళ్లీ లాగితే మళ్లీ వచ్చింది. “ఇది నా మాట వింటోంది” అని నవ్వారు.

అక్కడే కూర్చుని కొత్త నమూనా గీశాం. రెండడుగుల వెడల్పున్న ఒంటి తలుపు ఫ్రిజ్, పొడుగాటి పిడి. ఆవిడ దాన్ని కూడా వరసగా తీసి, మూసి చూసుకున్నారు. ఫ్రీజరు బదులు పొయ్యి పక్కన గట్టు కింద రెండు సొరుగులు. తెరిచిన తలుపు దానంతటదే మూసుకోకుండా నిలిచే కీలు అడిగాను, ఎందుకంటే తలుపు తీసిన చెయ్యే లోపలి గిన్నె కూడా తియ్యాలి. తీసిన గిన్నె దించడానికి పిడి వైపే గట్టు ఉండాలి. టేకు పలకల మాట మానుకుని పల్చటి పలక రాశాను. గిలకలదిండి చేపల రేవు నుంచి వారానికి సరిపడా తెచ్చే చేపలు, రొయ్యలు సొరుగుల్లో పట్టవేమోనని రావు గారు సందేహించారు.

“రెండుసార్లు వెళ్లండి. నడవమని డాక్టరు గారు మీకూ చెప్పారుగా” అన్నారు వసుంధర గారు. నేను సంతకం చేశాను. ఆర్డరు ఆ దఫాలోనే వెళ్లింది.

ఇక మిగిలింది వడ్రంగం. బందరు పనివాడు మస్తాన్ గారు అప్పటికే పెద్ద ఫ్రిజ్‌కు తగ్గట్టు చట్రం కట్టేశారు. గట్టు పిడి వైపుకు రావాలంటే అదంతా విప్పాలి. ఆ మాట ఎలా చెప్పాలా అని నేను తటపటాయిస్తుంటే, ఆయన కొత్త నమూనా చూసి, “అమ్మగారి కోసమైతే విప్పుదాం సార్” అని మేకులు పీకడం మొదలుపెట్టారు.

సరుకు వచ్చాక బిగింపుకు నేనే వెళ్లాను. మట్టం చూసి, ఫ్రిజ్ ఆన్ చేసి, లోపల చల్లదనం నిలకడగా ఉందో లేదో చూడటానికి మర్నాడు మళ్లీ వెళ్లాను. వసుంధర గారు ఫ్రిజ్ తలుపు తీశారు. అది తీసిన చోటే ఆగింది. పాలగిన్నె ఎడమ చేత్తో తీసి గట్టు మీద పెట్టారు, భుజంతో తలుపు నెట్టేశారు, కాఫీ కలిపారు. హాల్లో పేపరు చదువుకుంటున్న రావు గారు లేవబోయి, మళ్లీ కూర్చున్నారు. కాఫీలో పంచదార కాస్త ఎక్కువైంది. పూర్తిగా తాగాను.

ఆ తరవాత నేను చేసిన ప్రతి సర్వేలోనూ టేపు తియ్యకముందు, ఆ వంటింట్లో వంట చేసేవాళ్లను పిలవమని అడిగాను. కొన్ని ఇళ్లల్లో యజమాని వచ్చారు, కొన్ని ఇళ్లల్లో వంట మనిషి వచ్చింది. ఎవరు వచ్చినా వాళ్ల చేత ఆ ఇంట్లో ఉన్న పాత ఫ్రిజ్ తలుపు తీయించి చూశాకే చోటు కొలిచాను. మా వృత్తిలో చోటు కొలవడం ఎవరైనా నేర్చుకుంటారు. తలుపు తెరిచే చేతిని ముందుగా చూడాలని నాకు నేర్పింది మాత్రం వసుంధర గారు అడిగిన ఆ ఒక్క ప్రశ్న.