రోజుకొక్క మాట ఫీజు

మడికొండలో మా గల్లీ పెద్దమ్మ పోయింది. మధ్యాహ్నమెప్పుడో పోయిందట. మర్నాడు పొద్దున పాలు పోసే మనిషి తలుపు కొట్టేదాకా ఎవరికీ తెలియలేదు. ఆ మాట విన్నప్పుడు నాకు ఏడుపు కంటే ముందు భయం వేసింది. ఒంటిగా ఉన్నవాళ్లెవరూ చడీచప్పుడు లేకుండా పోకూడదని గల్లీకి నియమం పెట్టిన మనిషి ఆమె.

ఆమె నాకు చుట్టం కాదు, గల్లీ అంతటికీ పెద్దమ్మే. మైకుసెట్టు నడిపిన భర్త పోతూ ఆమెకు ఒక రేడియో, శబ్దం పెంచే ఒక మిషన్, చుట్టలకొద్దీ వైరు మిగిల్చాడు. డెబ్బైలలో మా గల్లీలో రేడియో కొనగలిగిన ఇల్లు ఇంకొకటి లేదు. పెద్దమ్మ తన రేడియోను మిషన్‌కు కలిపి, అక్కణ్నుంచి ఇంటింటికీ వైరు లాగి, గోడకొక చెక్క స్పీకరు డబ్బా బిగించింది. ఆమె స్విచ్ వేస్తే అన్ని ఇళ్లలో పాటలు ఒకేసారి మోగేవి.

మిషన్ ఒకసారి కాలిపోయాక రిపేరు ఖర్చు కోసం అరుగు మీద మీటింగ్ పెట్టింది. సొంత డబ్బా ఉన్నవాళ్లు నిండు మెంబర్లు, నిండు చందా. నడుమ గోడకు కంత పెట్టి ఒకే డబ్బా పంచుకునే ఇళ్లవాళ్లు సగం మెంబర్లు. చాయ్ చల్లారేలోపే ఇంతవరకు అందరూ ఒప్పుకున్నారు. పేచీ మూడో రకం దగ్గర వచ్చింది. వాళ్లు ఒంటిగా ఉండే ముసలివాళ్లు, చందా ఇవ్వలేనివాళ్లు.

“పైసలియ్యనోళ్ల లైను కొయ్యాలె పెద్దమ్మా,” అన్నాడు కిరాణం కొట్టు మామ. “ఫుకట్‌ల ఇస్తే రేపు అందరు ముసలోళ్లే అయితరు.”

“ఫుకట్ అని ఎవలన్నరు? ఆళ్లకూ ఫీజున్నది. రోజుకొక్క మాట.”

ఆ ఫీజు సంగతి ఇదీ. మధ్యాహ్నం ప్రసారం ముగిశాక ఆమె మిషన్ నుంచి లైను పీకేసేది. అప్పుడు ఒక ఇంట్లో డబ్బాకు నోరు ఆనించి మాట్లాడితే, మిగతా డబ్బాల్లో ఆ మాట సన్నగా, బావిలోంచి వచ్చినట్టు వినబడేది. డబ్బా లోపల మాటను పలికించే కాగితమే, ఎదురుగా పలికిన మాటకూ అదురుతుందని రేడియోలు బాగుచేసే ఆయన చెప్పాడు. కారణం తెలిసినా ఒళ్లు జలదరించడం మాత్రం మానలేదు.

ఎండకు గల్లీ అంతా తలుపులు వేసుకున్న వేళ, గోడలోంచి ఒక్కొక్కరే పలికేవారు. “ఉన్న.” “ఉన్ననమ్మా.” చివరింట్లో పరుపులు కుట్టే సాయబు తాత అందరి తర్వాత ఒకసారి దగ్గి, “ఉన్న బిడ్డా,” అనేవాడు. మా అమ్మ ఆ గొంతులకు జడిసి ఆ వేళకు మా డబ్బా మీద తువాల కప్పేది. పెద్దమ్మ తన డబ్బాకు చెవి ఆనించి, ఒక్కో మాటకు చందా ముట్టినట్టు తలూపేది.

“నువ్వూ ఒంటిదానివే గదా, నీ ఫీజు ఎవలు తీస్కుంటరు?” అని మా బాపు ఒకసారి అడిగాడు.

“ఇనేదాన్ని నేను. నాకేం ఫికర్?” అని నవ్వేసింది.

ఒకరోజు తాత పలకలేదు. పెద్దమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా ఉరికింది. కింద పడి ఉన్న మనిషిని రిక్షాలో దవాఖానకు తీసుకుపోయారు. ఆ రోజు ఆయన ప్రాణం నిలిచింది ఆమె చెవి వల్లే. ఆ తర్వాత ఆమెను తలచుకుని దండం పెట్టుకోని ముసలివాళ్లు మా గల్లీలో లేరు.

తర్వాతి చలికాలం తాత పోయాడు. ఖననం అయ్యాక చుట్టాలు ఇంటికి తాళం వేసుకుని వెళ్లిపోయారు. కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం, అందరూ పలకడం అయిపోయాక, డబ్బాల్లో ఒక దగ్గు వినబడింది. తర్వాత, “ఉన్న బిడ్డా.”

అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కిరాణం మామ తూకం వేస్తున్న చక్కెర అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. “ఆ లైను కొయ్యి పెద్దమ్మా, జల్ది కొయ్యి!”

పెద్దమ్మ ఎప్పటిలాగే తలూపింది. “ఫీజు కట్టినోని లైను ఎట్ల కోస్తం?” అంది. “బుగులెందుకురా? పోయినోళ్లు గూడ ఎవలన్న ఇంటాండ్లా లేదా అని సూస్తరు. గంతే.”

ఆ తర్వాత లైను కోయాలని మామ మళ్లీ అడగలేదు. మధ్యాహ్నం ఆ వేళకు మాత్రం చక్కెర ఇంట్లోవాళ్ల చేత తూకం వేయించేవాడు.

ఎనభైలలో టీవీలు వచ్చాయి. ఒక్కో ఇంట్లో డబ్బా దిగింది, వైర్లు తెగాయి. పెద్దమ్మ మాత్రం తన డబ్బా తీయలేదు. మొదటి రెండు రకాల మెంబర్లూ తప్పుకుని, ముసలివాళ్లూ ఒక్కొక్కరే పోయాక, మూడో రకంలో ఆమె ఒక్కతే మిగిలిందని మాలో ఎవరికీ తోచలేదు.

దహనం అయ్యాక ఆ ఇంటికి వెళ్లాను. ఆమె చెల్లెలి కొడుకు సామాను సర్దుతున్నాడు. “గీ డబ్బా పారేద్దామా అన్నా? దీనికి లైను గూడ లేదు.”

కిటికీ బయట తెగిన వైరు కొస వేలాడుతోంది. డబ్బా గుడ్డ మీద, ఆమె చెవి ఆనిన చోట, కొబ్బరినూనె మరక నల్లగా ఉంది. మధ్యాహ్నం ప్రసారం ముగిసే వేళ. ఆ మరక మీద చెవి ఆనించి చాలాసేపు నిలబడ్డాను.

“పారెయ్యకు తమ్మీ,” అన్నాను చివరికి. “పెద్దమ్మ ఫీజు ముట్టింది.”

బయటికి వచ్చాను. గాలి లేదు, ఆకు కదలడం లేదు. కిటికీ బయట వైరు కొస మాత్రం సన్నగా అదురుతోంది.