హిందూపురంలో కొన్న చాక్లెట్

ధర్మవరంలో మా చెల్లెలు చనిపోయిన నెలన్నరకు, దాని కూతురు మొదటిసారి నన్ను ఒకటి అడిగింది. పదకొండేళ్ల పిల్ల. మగ్గం పని చేసే వాళ్ల నాయన, మా మరిది, కొన్నాళ్లు నా దగ్గర ఉంచుకోమంటే పెనుకొండకు తెచ్చుకున్నాను. పెట్టింది తినేది, మాట్లాడేది కాదు. నేనూ అంతే. వేళకు ఆకలయ్యేది, వేళకు నిద్ర పట్టేది.

కరిగించిన చాక్లెట్‌లో అరటిపండు ముక్కలు ముంచుకుని తినాలంది. ఫాండ్యూ అంటారట. సెలవుల్లో చేస్తానని వాళ్లమ్మ మాటిచ్చిందట.

మరునాడు బస్సెక్కి హిందూపురం పోయాను. బేకరీ సామాన్లు అమ్మే అంగట్లో అన్నీ రకరకాల దిమ్మలు, బిళ్లలు. ఏది కావాలని అంగడాయన రెండుసార్లు అడిగాడు. అట్టల మీద పేర్లు చదువుతున్నానే గానీ ఒక్కటీ తలకెక్కలేదు. చివరికి ఆయనే చెప్పాడు. కాంపౌండ్ అనే నూనె కలిపిన రకమైతే సులభంగా కరుగుతుందట, కానీ నాలుకకు మైనంలా అంటుకుంటుందట. అసలు చాక్లెట్‌కు మంట ఎక్కువ కాకూడదు, నీటిచుక్క తగలకూడదు.

"పిల్లోల్లకైతే మిల్క్ చాక్లెట్ తీస్కోమ్మా. నల్లది చేదుంటాది."

"వాళ్లమ్మ ఏది కొనేదో నాకు తెలీదప్పా," అన్నాను.

ఆయన రెండు రకాలూ తీసి ముందు పెట్టాడు. అసలుదే, నల్లది సగం, మిల్క్‌ది సగం కట్టించుకున్నాను.

ఇంట్లో వేడినీళ్ల గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి కరిగించాం. ఆవిరి తగిలిందేమో, చాక్లెట్ ఉన్నట్టుండి గట్టిపడి రవ్వలా అయిపోయింది. స్టవ్ ఆపి చూస్తూ నిలబడ్డాను. పిల్లే వేడి పాలు చెంచాతో కొంచెం కొంచెం పోసి కలిపింది. మెల్లగా నునుపు తేలింది.

ఒక ముక్క ముంచి నోట్లో పెట్టుకుంది.

"రవంత చేదుండాది పెద్దమ్మా. అయినా బాగుండాది. అమ్మైతే మిల్క్‌దే తెచ్చుండేది. అమ్మకు చేదంటే పడదు."

చిన్నప్పటి నుంచి నేనూ చెల్లెలూ ఒకే కంచంలో తిన్నవాళ్లం. నాకది తెలియదు. నేనూ ఒక ముక్క తిన్నాను. వెచ్చగా ఉందని మాత్రం తెలిసింది. పిల్ల మాటల్లో పడింది, వాళ్లమ్మ చేసే కేకుల గురించి చాలాసేపు చెప్పింది. నాకు సంతోషమో దుఃఖమో ఏదో ఒకటి కలగాలి కదా అనుకుంటూ విన్నాను. ఏదీ కలగలేదు.

సాయంత్రం మా మరిది ఫోన్ చేశాడు. రోజూ పిల్ల ఫోన్ ముట్టేది కాదు, నేనే పొడిగా రెండు మాటలు చెప్పి పెట్టేసేదాన్ని. ఆరోజు పిల్ల నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"నాయనా, తిన్నావా?" అంది.

అవతల ఆడుతున్న మగ్గం చప్పుడు ఆగిపోయింది. పిల్ల ఫోన్ చెవి నుంచి తీయకుండా అలాగే నిలబడింది.