మేకుల పొట్లం

అరబ్బు దేశంలో, నయీమ్ అనే పేటలో నేను ఇంటిపని చేసిన మేడం పైవాటా ఎప్పుడూ ఒకే రకం వాళ్లకి ఇచ్చేది. ప్రభుత్వం ఇల్లు ఇచ్చేదాకా ప్రభుత్వమే ఇచ్చే అద్దె సాయంతో గడుపుకొచ్చే కుటుంబాలకి. కానీ గోడకి మేకు కొట్టనిచ్చేది కాదు. నా గదిలో దేవుడి పటం తగిలించుకుంటానన్నా అదే మాట.

"ఇక్కడొద్దు. నీ ఇంట్లో కొట్టుకో."

గోడలంటే పిచ్చి కాబోలు అనుకునేదాన్ని.

ఒకరోజు పైవాటా ఆవిడ ఏడుస్తూ కిందికి వచ్చింది. ఇల్లు మంజూరైందట. మేడం లోపలికెళ్లి, మేకుల పొట్లం తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

"యల్లా, కానియ్, ఇక కొట్టుకో."

మా ఊళ్లో నా ఇల్లు పూర్తయి నేను వచ్చేసే రోజు, నా సామానులోనూ ఒక పొట్లం పెట్టింది. విప్పి చూస్తే మేకులు తుప్పుపట్టి ఉన్నాయి.

"నువ్వు అడిగిన రోజే కొన్నాను" అంది.