కోటు వేయని ఫొటో

లేదు, కోటు వేయడం నేను మరిచిపోలేదు. కంప్యూటర్ ఖరాబు కాలేదు, ఓనరు లేనప్పుడు జరిగిన పొరపాటు కూడా కాదు. మన గోపాల్‌పేట బస్టాండు దగ్గర కట్టిన అన్న ఫ్లెక్సీలో కోటు లేకపోవడానికి కారణం నేనే. మన ఊరి వాట్సాప్ గ్రూపులో ఎవరూ అడగలేదు. అయినా చెప్తున్నాను. నలుగురి ముందు నోటితో చెప్పడం నాకు రాదు, అందుకే ఫోన్‌లో కొడుతున్నాను. తప్పులుంటే సర్దుకోండి.

అన్న పోయాడన్న వార్త నాకు ఆర్డరుగా వచ్చింది. వనపర్తిలో నేను పనిచేసే ఫ్లెక్సీ షాపు ఫోన్‌కు ఒక ఫొటో, దాని కింద "శ్రద్ధాంజలి, కోటు, టై, అర్జెంట్" అని మెసేజ్. ఫొటో పెద్దగా చేసి చూస్తే అన్న ముఖం. హైదరాబాద్‌లో ఎం.ఎ. ఫిలాసఫీ చదువుతున్న మనిషి. జ్వరం ముదిరి అక్కడి దవాఖానలోనే పోయాడట. నేను మౌస్ వదిలేసి ప్రింటు మిషను వెనక్కి పోయి నిలబడ్డాను. ఆ చప్పుడులో ఏడిస్తే ఎవరికీ వినపడదు.

అన్న నాకు సొంత అన్న కాదు. వాళ్లది ఊళ్లో పెద్ద సేద్యం. మాది డప్పు కొట్టే వాడ. నేను ఏడో తరగతితో బడి మానేసిన వాణ్ని. సెలవులకు వచ్చినప్పుడల్లా అన్న వనపర్తిలో బస్సు దిగి ఇంటికంటే ముందు మా షాపుకే వచ్చేవాడు, పాత ఫ్లెక్సీ ముక్కల కోసం. వాటి వెనక తెల్లగా ఉన్న వైపు బొమ్మలు వేసేవాడు. ముందు చేతులు జోడించిన నాయకుడు, వెనక రెక్కలు విప్పిన పాలపిట్ట.

నాకు మాట్లాడాలంటే సిగ్గని అన్నకు తెలుసు. అందుకే ఎదురెదురుగా స్టూళ్ల మీద కూర్చుని మెసేజ్‌లు పెట్టుకునేవాళ్లం. మా ఓనరు చూసి, "ఏందిరా, పెండ్లి కుదిరినోళ్ల లెక్క మెసేజ్‌లు?" అని నవ్వేవాడు.

అన్న అన్నీ అడిగేవాడు. నల్ల రంగు ఉండగా చీకటి బొమ్మకు మిషను మిగతా రంగులు ఎందుకు కలుపుతుంది? మనిషి ఫొటో చూసి మనం మనిషినే చూశామని ఎందుకు అనుకుంటాం? నేను "తెల్వదు" అని పెట్టేవాణ్ని. ఒకసారి ఫోన్ పక్కన పెట్టి నోటితోనే అన్నాడు: "తెల్వదు అని చెప్పనీకి శానామందికి ధైర్యం చాలదురా. నీకున్నది."

నాలో ధైర్యం ఉందని అన్నది ఆయనొక్కడే.

డప్పు నేర్చుకుంటానని అన్న మా తాత దగ్గరికి వచ్చినప్పుడు వాడంతా నవ్వింది. తాత గడ్డి మంట మీద డప్పు కాచి చేతికిచ్చాడు. అన్న కొడితే తడి గోనెసంచి దులిపినట్టు చప్పుడు వచ్చింది.

"డప్పు మంచిగనే కాగింది చిన్న పటేలా, నువ్వే ఇంక కాగలె."

"అయితే నన్ను గూడ జర మంట దగ్గర పెట్టు తాతా."

ఆ తర్వాత ప్రతి సెలవుకూ వచ్చాడు. మా ఇంట్లో జొన్నరొట్టె తిన్నాడు. మా గడప ముందే పడుకుని నాకు ఆకాశంలో చుక్కలు చూపించాడు. ఈ సంగతి వాళ్ల పెదనాన్నకు మింగుడుపడలేదు. అరుగు మీద నలుగురిలో నిలదీశాడు: "ఫిలాసఫీ అంటవ్, బొమ్మలంటవ్, చుక్కలంటవ్, ఇప్పుడు డప్పంటవ్. ఒక్కటి పట్టుకోరాదుర?"

"ఒక్కటే పని చేయనీకి నేనేమన్న బోరు మోటరునా పెదనాయనా?"

మా షాపు కంప్యూటర్‌లో కోట్ల ఫోల్డర్ ఒకటి ఉంది. మెడ దాకా ఉండి తల లేని కోట్లు. పోయినవాళ్ల తల తెచ్చి వాటి మీద అతికిస్తాం. మేకలు కాసినవాళ్లకైనా, మేస్త్రీలకైనా అదే నీలం కోటు, అదే ఎర్ర టై. ఒకసారి అన్న అది చూసి కడుపు పట్టుకుని నవ్వాడు. "సచ్చినంక అందరు ఒకే ఆఫీసుకు పోతున్నరు కదరా!"

ఆ ఆఫీసుకు అన్నను నేను ఎట్లా పంపాలి?

మధ్యాహ్నం వాళ్ల పెదనాన్నే షాపుకు వచ్చాడు. "నీలం కోటు ఏసినవా? కింద ప్రొఫెసర్ అని రాయి." అప్పటికే నా ఫోన్‌లోని ఫొటో స్క్రీన్ మీద ఉంది. తల వెనక్కి వేసి, కళ్లు మూసుకుని, పళ్లన్నీ కనపడేలా నవ్వుతూ డప్పు కొడుతున్న అన్న.

"ఇదేంది? మా ఇంటి పిల్లగానికి డప్పేంది? బస్టాండుల మా ఇజ్జత్ తీస్తవా?"

నేను ఫోన్‌లో జవాబు కొట్టి చూపించాను.

"కండ్లద్దాలు తేలే. నోరు లేదా నీకు? చెప్పు."

వెనక నుంచి ఓనరు తల ఊపుతున్నాడు, వద్దు, వద్దని. పని పోతుందని అర్థమైంది. అయినా మాట వచ్చింది.

"అన్న ప్రొఫెసర్ కాదు పటేలా. ఎన్నడు కోటు తొడగలె. డప్పు కొట్టిండు. మా ఇంట్ల తిన్నడు. దాంతోని ఇజ్జత్ పోయేదుంటే, అన్న ఉన్నప్పుడే పోయింది, నవ్వుకుంట పోగొట్టిండు. నేను కోటు వెయ్య."

పెద్దాయన చెయ్యి లేచింది. అప్పుడు ఆయనతో వచ్చి బయట బెంచీ మీద కూర్చున్న అన్న వాళ్ల నాన్న లోపలికి వచ్చాడు. చాలాసేపు స్క్రీన్ చూశాడు. వేలితో ఆ నవ్వును ముట్టుకున్నాడు.

"కోటుల ఉన్నోన్ని నేనెన్నడు చూడలే. వీడు నా కొడుకు. గిదే కొట్టు, బిడ్డా."

కొట్టాను. పదవులు రాసే చోట ఫిలాసఫీ, బొమ్మలు, చుక్కలు, డప్పు అని రాశాను. కట్టిన మర్నాడు పొద్దున చూస్తే, సరిగ్గా డప్పు ఉన్న చోట ఎవరో బ్లేడుతో కోశారు. నేను ఇంకోటి కొట్టి తెచ్చాను. అందులో డప్పు ఇంకా పెద్దగా వచ్చింది.

మొన్న మబ్బు పట్టినప్పుడు వాళ్ల నాన్న ఆ ఫ్లెక్సీ విప్పుకుపోయి కల్లంలో పల్లికాయ కుప్ప మీద కప్పాడు. నేను నాలుగు మూలలా రాళ్లు పెట్టాను. అన్న ముఖం ఆకాశం వైపే ఉంది. మొదటి చినుకులు ఆ బొమ్మలోని డప్పు మీద పడి టపటపా మోగాయి. వాళ్ల నాన్న, నేను తడుస్తూ అక్కడే నిలబడి విన్నాం.

బ్లేడు పట్టినవాళ్లు కూడా ఇది చదువుతుంటారని నాకు తెలుసు. కోట్ల ఫోల్డర్ మా షాపులో ఇంకా అట్లాగే ఉంది. ఏదో ఒక రోజు మీ ఫొటో కూడా నా దగ్గరికే వస్తుంది. కోటు కాకుండా, మీ చేతిలో ఏం పెట్టమంటారు?