ముందు బైనాక్యులర్స్

కెనడాలో, రెజైనా వెళ్లే బస్సులో కూర్చుని, కొనబోయే వేట రైఫిల్ మీద బిగించి గురి చూసే స్కోపుల్ని ఫోన్‌లో వెతుకుతున్నాను. పక్క సీటులోని పెద్దాయన తెలుగువారే. తొంగి చూసి, "ముందు బైనాక్యులర్స్ కొనుక్కో బాబూ" అన్నారు.

"ఎంత దూరముందో కూడా చూపించే స్కోప్ అంకుల్ ఇది. మళ్లీ అవెందుకు?"

"నేనూ అలాగే అనుకున్నా. పొదల్లో ఏదో కదిలింది. జింకేమో చూద్దామని రైఫిలెత్తి స్కోప్‌లో చూశా. మూడొందల గజాలని చూపించింది. తీరా చూస్తే మా ఫ్రెండు. వాడు బైనాక్యులర్స్‌లో నన్నే చూస్తున్నాడు."

"కాల్చలేదు కదా?"

"లేదు. ట్రిగ్గర్ మీద వేలే లేదని ఎన్నోసార్లు చెప్పా." ఆయన తన చూపుడువేలి వైపు చూసుకున్నారు. "వాడు నమ్మలేదు."

తన స్టాప్ రాగానే దిగిపోయారు.

బైనాక్యులర్స్ కొన్నాను. రైఫిల్ ఇంకా కొనలేదు.