నూట నలభై రోజుల మెరుగుదల

రెండేళ్ల కిందట ఆషాఢమాసం మొదటి సోమవారం నాకు ఆ ఫైల్ అప్పగించారు. అప్పుడు నేను జూబ్లీహిల్స్‌లో ఒక ఫైనాన్స్ సంస్థలో క్రెడిట్ అనలిస్టును. అప్పు అడిగిన కంపెనీ లెక్కలు చదివి, అది తిరిగి కట్టగలదా లేదా అని నోట్ రాయడం నా పని. నా పైన క్రెడిట్ మేనేజర్, ఆయన పైన మంజూరు కమిటీ. నోట్ కింద మొదటి సంతకం నాది, నిర్ణయం వాళ్లది. నాలుగేళ్లు చేసి ఆ వృత్తి నుంచి పూర్తిగా తప్పుకున్నాను. ఇరవై తొమ్మిదేళ్లకే రిటైర్మెంటా అని ఇంట్లో నవ్వుతారు. నవ్వనీయండి.

ఆఫీసులో నేను పెద్దగా మాట్లాడేదాన్ని కాదు. మీటింగుల్లో చెప్పలేనివన్నీ మధురానగర్‌లో ఇంటికి వెళ్లాక డైరీలో రాసుకునేదాన్ని. కాబట్టి కింద రాస్తున్న మాటలు దాదాపు అన్నవాళ్లు అన్నట్టే ఉన్నాయి. పేర్లు మాత్రం మార్చాను, కంపెనీ పేరు రాయడం లేదు.

అప్పు అడిగింది బట్టల కంపెనీ. మూడు షోరూములు, వాటిలో పెద్దది జూబ్లీహిల్స్‌లో. ఆషాఢంలో డిస్కౌంట్లు ఇచ్చి పాత సరుకు వదిలించుకుని, శ్రావణం పెళ్లిళ్లకు కొత్త సరుకు నింపడం ఈ వ్యాపారంలో ఆనవాయితీ. ఆ నింపడానికే అప్పు పరిమితి పెంచమన్నారు.

రిటైల్ కంపెనీ దివాలాకు దగ్గరలో ఉందా అని చూడటానికి ముందుగా తీసేవి నాలుగైదు నిష్పత్తులు. ఏడాదిలో నగదుగా మారే ఆస్తులను, ఏడాదిలో తీర్చాల్సిన బాకీలతో భాగిస్తే వచ్చేది కరెంట్ రేషియో. ఒకటి కన్నా తక్కువైతే ప్రమాదం. వీళ్లకి ఒకటి పాయింట్ నాలుగు వచ్చింది, ఫరవాలేదు. అదే లెక్కలోంచి సరుకు నిల్వను తీసేస్తే క్విక్ రేషియో. అది పాయింట్ మూడుకు పడిపోయింది. అంటే కంపెనీ బలమంతా అల్మారాల్లో మడతపెట్టి ఉంది. బట్టల దుకాణానికి అది మామూలే అనుకున్నాను.

తర్వాతది నగదు చక్రం. సరుకు కొన్న దగ్గర్నుంచి అమ్ముడయ్యేదాకా పట్టే రోజుల్లోంచి, సరుకు ఇచ్చినవాళ్లకు డబ్బు కట్టడానికి తీసుకునే రోజులను తీసేయాలి. ఎంత తక్కువ వస్తే అంత మంచిదని పుస్తకాలన్నీ చెబుతాయి. అంతకుముందు ఏడాది సరుకు అమ్మడానికి నూట అరవై రోజులు, బాకీ కట్టడానికి యాభై. చక్రం నూట పది రోజులు. ఈ ఏడాది అమ్మడానికి నూట తొంభై, కట్టడానికి నూట నలభై. చక్రం యాభై రోజులు.

‘నగదు చక్రం గణనీయంగా మెరుగుపడింది’ అని రాశాను. మేనేజర్ ప్రసాద్ గారు ఆ వాక్యం పక్కన టిక్కు పెట్టారు. ఆ వాక్యం రాసింది నేనేనని ఇప్పటికీ మర్చిపోలేకపోతున్నాను.

పరిమితి పెంచే ముందు సరుకు తనిఖీ చేయాలి. మా అప్పుకు తాకట్టు ఆ సరుకే. కంపెనీ ఇచ్చిన స్టాక్ స్టేట్‌మెంట్ పట్టుకుని వెళ్లి, కొన్ని వరసలు ఎంచుకుని లెక్కపెట్టి, చూసింది చూసినట్టు తనిఖీ షీటులో రాసి, కంపెనీ మనిషి చేత కూడా సంతకం చేయించాలి. రెండు సంతకాలు పడ్డాక ఆ షీటును మా మేనేజర్ కూడా మార్చకూడదు. అది నోటుకు జతగా నేరుగా కమిటీకి వెళుతుంది.

గురువారం ఉదయం షోరూమ్ లెక్క చూసుకుని, అక్కడి నుంచి ఫిల్మ్‌నగర్‌లో వాళ్ల గోడౌన్‌కి ఆటోలో వెళ్లాను. సందులో ఒక పాత మూడంతస్తుల ఇల్లు. ఎదుట రెండు షూటింగ్ వ్యాన్లు ఆగి ఉన్నాయి. స్టాక్ ఇన్‌చార్జి నర్సింగరావు తలుపు తీశారు. యాభై ఏళ్లు దాటిన మనిషి, చెవి వెనక పెన్సిలు.

పై అంతస్తులో లెక్క స్టేట్‌మెంటుతో సరిగ్గా కలిసింది. ఒక్క పీసు కూడా తేడా లేదు. సంతోషపడి ఒక లంగావోణీ తీసి ధర చీటీ కోసం తిరగేశాను. లోపలి అంచుకు పిన్నుతో ఇంకో చీటీ గుచ్చి ఉంది. ‘హీరోయిన్ అక్క, నిశ్చితార్థం, సీన్ 42’ అని. పక్కదానికీ ఉంది. దాని పక్కదానికీ.

“గవన్నీ షూటింగులకు పొయ్యొచ్చినయి మేడం,” అన్నారు నర్సింగరావు. “నేను ఊటీ సూడలే గానీ గీ లంగావోణీ సూసింది.”

పద్ధతి ఏమిటంటే, సినిమాలకు బట్టలు చూసేవాళ్లు డబ్బు కట్టకుండా చీటీ మీద సరుకు తీసుకెళతారు. షూటింగ్ అయ్యాక తిరిగి ఇస్తారు. బదులుగా సినిమా మొదట్లో షోరూమ్‌కి కృతజ్ఞతలు అని ఒక లైను పడుతుంది. యజమానులకు ఆ లైను అంటే ఇష్టం. తిరిగొచ్చిన బట్టలు ఈ అంతస్తుకు చేరతాయి.

వీటిని అమ్ముతారా అని అడిగాను.

“ఎవలు కొంటరు? మెడకాడ సూడుండ్రి, హీరోయిన్ అక్క మొఖం సగం గీడనే ఉన్నది.”

నిజంగానే మెడ పట్టీ అంతా మేకప్ మరక. మరి స్టాక్‌లో ఎందుకు చూపిస్తున్నారని అడిగాను.

“ఉన్నయి గదా, ఉన్నయని రాస్తున్నం. ధర ఎంత రాయాలెనో పైనోళ్లు చెప్తరు. కొత్తప్పుడు ఎంతనో గంతే.”

మూడేళ్లుగా చేరినవి ఉన్నాయి. ఆషాఢం డిస్కౌంట్‌లో కూడా బయటికి రావు, ఎందుకంటే తగ్గించి అమ్మితే నష్టం పుస్తకాల్లో కనపడుతుంది. అమ్మకుండా ఉంచితే పూర్తి ధరకు ఆస్తి. సాయంత్రం దాకా చీటీలతో సహా ఒక్కొక్కటీ షీటులో రాశాను. సంతకం పెట్టమంటే నర్సింగరావు వెనకాడతారేమో అనుకున్నాను.

“ఉన్నది రాసినవు. ఉన్నదానికి సంతకం పెట్టనీకి ఫికరెందుకు?” అని చెవి మీది పెన్సిల్ పక్కన పెట్టి, నా పెన్ను అడిగి సంతకం చేశారు.

కిందికి దిగుతుంటే మెట్లన్నీ మనుషులతో నిండి ఉన్నాయి. గురువారం సప్లయర్లకు చెక్కులిచ్చే రోజట. కవర్లు సరఫరా చేసే ఒకాయన నాకు దారిస్తూ, “ఈ మెట్లకి అద్దె అడగట్లేదండీ, అదే సంతోషం,” అన్నారు. చివరి మెట్టు మీద కూర్చున్నావిడ నా ఫైల్ చూసి లేచి నిలబడింది.

“అకౌంట్స్ మేడమా? జర చెప్పుండ్రి, ఇయ్యాలన్న చెక్కిస్తరా, మల్ల బేస్తారం రమ్మంటరా?”

నేను అకౌంట్స్ కాదని, అప్పిచ్చే కంపెనీ నుంచి వచ్చానని చెప్పాను. ఆమె పేరు సరోజ. మోతీనగర్‌లో ఎనిమిది మంది ఆడవాళ్లతో జాకెట్ల మీద మగ్గం పని చేయిస్తుంది. ఈ కంపెనీ తప్ప వేరే ఖాతాదారు లేరు. బిల్లు పుస్తకం తెరిచి చూపించింది. ఏడు నెలల పని బాకీ. మొదట్లో నెలన్నరలో ఇచ్చేవాళ్లు, తర్వాత మూడు నెలలన్నారు, ఇప్పుడు తారీఖే చెప్పడం లేదు.

“శ్రావణానికి మూడు వందల జాకెట్లు చెయ్యమంటున్రు. జరీ, పూసలు, కుందన్లు అన్నీ నేనే కొనాలె. నా కాడున్నయే నాలుగు గాజులు, అవి కుదువ పెట్టాలె. వద్దంటే పాత పైసలు గూడ ఇయ్యరేమోనని బుగులు.”

తర్వాత నా ముఖంలోకి చూసి అడిగింది. “నువ్వు లెక్కలు సూసెటిదానివి. నీకెరికుంటది. ఈ దుకాణం నిలవడ్తదా బిడ్డా?”

ఉద్యోగంలో చేరిన రోజే మేం ఒక కాగితం మీద సంతకం చేస్తాం. అప్పు తీసుకున్నవాళ్ల వివరాలు బయట ఎవరికీ చెప్పకూడదు. ఆ నిబంధన న్యాయమైనదే. నోటికొచ్చినట్టు చెబితే మంచి కంపెనీ కూడా ఒక్క పుకారుతో మునిగిపోతుంది. అది నాకు తెలుసు. పైన నేను రాసిన షీటు కూడా నాకు తెలుసు.

“అది నేను చెప్పకూడదండీ,” అన్నాను.

 ఆమె పుస్తకం మూసి సంచిలో పెట్టుకుని మళ్లీ కూర్చుంది.

ఆఫీసుకి తిరిగి వెళ్తూ ఆటోలో నా వాక్యం గుర్తొచ్చింది. చక్రం అరవై రోజులు తగ్గిందని రాశాను. సరుకు అమ్మకం వేగం పెరగలేదు, పైగా ముప్పై రోజులు మందగించింది. తగ్గించింది ఆ మెట్ల మీద కూర్చున్నవాళ్లు. సరోజకు ఎంత ఆలస్యంగా ఇస్తే నా నోటులో కంపెనీ అంత ఆరోగ్యంగా కనపడుతుంది. అసలు ఇవ్వకపోతే ఇంకా బాగుంటుంది. పదహారేళ్లు చదివి నేర్చుకున్న లెక్క ఇది. సిగ్గేసింది, ఆ తర్వాత కోపం వచ్చింది.

శుక్రవారం నోట్ మళ్లీ రాశాను. అమ్ముడుపోని షూటింగ్ బట్టల్ని నిల్వలోంచి తీసేస్తే కరెంట్ రేషియో ఒకటి కన్నా కిందికి వచ్చింది. సప్లయర్ల బాకీ గురించి విడిగా ఒక పేరా పెట్టాను. ఆలస్యం కంపెనీ బేరమాడే బలం వల్ల వచ్చింది కాదు, చెల్లించలేకపోవడం వల్ల వచ్చిందని, చిన్న సప్లయర్లకు ముందు బాకీలు తీర్చాలనే షరతు పెట్టాలని రాశాను.

ప్రసాద్ గారు చెడ్డమనిషి కాదు. నాకు పని నేర్పింది ఆయనే. నిల్వ సంగతి చదివి, మంచి పని చేశావమ్మా అన్నారు. రెండో పేరా దగ్గర ఆగారు.

“సప్లయర్లు అంతకాలం ఆగుతున్నారంటే వాళ్లకి నమ్మకం ఉన్నట్టేగా. మనకేంటమ్మా ఇబ్బంది?”

“వాళ్లంతట వాళ్లు ఆగడం లేదు సార్, కంపెనీ వాళ్లని ఆపేసింది,” అన్నాను. ఆయనతో ఎదురు మాట్లాడటం నాకు అదే మొదటిసారి. 

“కావచ్చు. అది వాళ్ల రిస్కు. మన నోట్ మన రిస్కు గురించి,” అని పేరా కొట్టేశారు. షీటును ముట్టుకోలేదు, ముట్టుకోకూడదు కూడా.

కమిటీ షీటు చూసింది. పరిమితి పెంచలేదు సరికదా, షూటింగ్ బట్టల విలువ మేరకు ఉన్న పరిమితిని కోసేసింది. ఆషాఢం అమ్మకాల డబ్బంతా మా అదుపులో ఉండే ఖాతాలోనే పడాలని, అందులోంచి ముందు మా అప్పు జమ చేసుకుంటామని షరతు పెట్టింది. రెండు నెలల్లో మా బాకీ దాదాపు మొత్తం వసూలైంది. దసరా వెళ్లిన పది రోజులకు మూడు షోరూముల షట్టర్లూ దిగాయి. కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది.

ఆ వారం అందరికీ ఒక మెయిల్ వచ్చింది. ఫీల్డ్‌కి వెళ్లి చూడటం ఎంత ముఖ్యమో చెబుతూ, నష్టం లేకుండా బయటపడ్డామని నా పేరు రాశారు. కేకు కోశారు. నేను బాత్‌రూమ్‌లోకి వెళ్లి తలుపేసుకున్నాను. సప్లయర్లకు పోవలసిన ఆషాఢం డబ్బును మా ఖాతాకు మళ్లించింది నా షీటే. న్యాయంగా చేసిన పని ఒకరిని కాపాడింది, ఇంకొకరి మీద పడింది.

దివాలా చట్టంలో సరుకు, పని ఇచ్చినవాళ్లకు వేరే పేరుంది, ఆపరేషనల్ క్రెడిటర్లు. నిర్ణయాలు తీసుకునే రుణదాతల కమిటీలో వాళ్లకు ఓటు లేదు. ఆస్తులు అమ్మితే తాకట్టు ఉన్నవాళ్ల తర్వాతే వాళ్ల వంతు. చిన్న సంస్థలకు నలభై ఐదు రోజుల్లో డబ్బు కట్టాలని ఇంకో చట్టం ఉంది. అది వర్తించాలంటే రిజిస్టర్ చేసుకుని ఉండాలి. అలాంటిదొకటి ఉందని సరోజకు చెప్పినవాళ్లే లేరు.

కార్తీకంలో ఒక ఆదివారం మోతీనగర్ వెళ్లి వెతుక్కుంటూ ఆమె ఇల్లు పట్టుకున్నాను. ముందు గదిలో మగ్గం చెక్కల ముందు నలుగురు కూర్చుని ఉన్నారు. ఎనిమిది మందిలో నలుగురు వేరే పనులకు వెళ్లిపోయారట. నన్ను చూసి ఆమె నవ్వింది. గాజులు చేతికే ఉన్నాయి, రెండు.

“శ్రావణం ఆర్డర్ ఒద్దన్న. ఏందే సరోజా, మమ్మల్ని నమ్మవా అని మస్తు లొల్లి జేసిండ్రు.”

ఎందుకు వద్దన్నారని అడిగాను.

“నువ్వే గదా చెప్పినవ్.”

నేనేమీ చెప్పలేదన్నాను.

“గదే. మంచిగుంటే మంచిగున్నదనే అంటుంటివి. మంచిగున్నదని చెప్పనీకి ఎవలకు అడ్డం?”

పాత బాకీ పోయిందని, పనివాళ్ల కూలికి రెండు గాజులు అమ్మానని మామూలుగా చెప్పింది. టీ తెచ్చింది. నా మనసు కాస్త తేలికపడుతుండగా, సూది ఆపకుండా అన్నది:

“నేనొద్దన్న మూడు వందలూ బోరబండ యాదమ్మకు ఇచ్చిండ్రు. ఆమె ఇల్లు కాయితాలు కుదువ పెట్టి సామాన్ తెచ్చింది. ఆమె గా దినం నీకు ఎదురు పడలే.”

ఆ తర్వాత ఏడాదిన్నర ఉద్యోగం చేశాను. ప్రతి నోటులో సప్లయర్ల బాకీ రోజులను చక్రంలో కలపకుండా వేరే పేరాలో రాశాను. చాలాసార్లు కొట్టేశారు. రెండుసార్లు ఉంచారు.

ఈ వృత్తి గురించి తెలుసుకోవాలనుకునేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. రిటైల్ కంపెనీలో నిల్వ రోజులు, బాకీ రోజులు రెండూ కలిసి పెరుగుతుంటే, చక్రం తగ్గినా దాన్ని మెరుగుదల అని రాయకూడదు. అది దివాలాకు తొలి గుర్తు. కరెంట్ రేషియోను నమ్మేముందు నిల్వను చేత్తో పట్టుకుని తిరగేసి చూడాలి. ఇవి నేర్చుకుంటే అప్పిచ్చినవాళ్ల డబ్బు భద్రంగా ఉంటుంది. యాదమ్మ డబ్బు భద్రంగా ఉంచే నిష్పత్తి నాకు ఎవరూ నేర్పలేదు. ఆమెకు చెప్పే పని మా ఆఫీసులో ఎవరి ఉద్యోగమూ కాదు.